మీ తాత ఒంటికి దిగిన బస్సు

ఆ టీవీ సత్తం కొంజం తగ్గించు అమ్మిణీ. బండలు ఆ గుహలో పడతా ఉండాయా, మన మిద్దెమీద పడతా ఉండాయా తెలియకుండా ఉండాది నాకు. ఆఁ, అంత చాలు. నువ్వు ఏమిటికి ఈ పడం పెట్టినావో నాకు తెలుసులే. పొద్దున పొల్లాచ్చి నుంచి మీ పెద్దనాయన సుధాకరన్ ఫోను చేసినప్పటినుంచి అవ్వ నోరు తెరవలేదు, ఇడ్లీలు అట్లే పెట్టేసింది, టీవీ ముందర కూచోబెడితే మరిచిపోయి తింటుంది అని కదా. మరిచిపోయేదానికి నేనేం చంటిపిల్లనా. సరే, ఆ తట్ట ఇట్ల తే, పడం చూస్తానే తింటాను. చట్నీ వొద్దు, పొడి చాలు. అవునుగానీ దర్శినీ, వీడు ఈ అడివిలో ఎన్ని దినాలుగా నడుస్తా ఉండాడు? మూడు దినాలా? మూడు దినాలు నడిచినోడి చొక్కా ఇప్పుడే ఇస్త్రీ పెట్టినట్టుంది. ఆ పిల్లకు కాటుక చెదరలేదు. అదైనా పోనీ. నేను నలభై ఏండ్లుగా ఇంట్లో కూచొని ఈ నిధులు వెతికే పడాలు, కొండలెక్కే పడాలు చూస్తా ఉండాను. ఒక్కడంటే ఒక్కడు, ఒక్కసారంటే ఒక్కసారి ఒంటికి పోయింది నేను చూడలేదు. నవ్వొద్దు. ఏనుగులొచ్చె, మొసళ్ళొచ్చె, ఆకాశంలోంచి విమానం ఊడి పడె, అయినా వానికి ఒంటికి రాదు. వాడు మనిషా, మన చింతచెట్టుకు కట్టిన దిష్టిబొమ్మా?

నేను చెప్పేది సుమ్మా ఎగతాళికి కాదు. మనిషి దారి పట్టినాక మొదట వచ్చే కష్టం అదే. పులీ కాదు, పామూ కాదు. ఆడదాన్నడుగు, చెప్తుంది. మధురకు కల్యాణానికి బస్సులో పోతే నేను ముందటి దినం సాయంత్రం నుంచే నీళ్ళు తాగను. ఈ పడాలు తీసేవాళ్ళు అందరూ మొగోళ్ళు, ఏదో ఒక గోడ దొరుకుతుందిలే అనుకొనేవాళ్ళు, అందుకే వాళ్ళ కథలో ఆ మాట ఉండదు. మీ తాత మట్టుకు కనిపెట్టినాడు. ఏ పడం పెట్టినా సగంలో అడిగేవాడు, "ఏం మీనాక్షీ, వీడు పొద్దున లేచి యాడికి పోయినాడు?" అని. మొదట్లో అట్ల అడిగేవాడు కాదు, ఒక సంగతి జరిగినాక అడగబట్టినాడు. ఆ సంగతి మీ నాయనకు తెలియదు, సుధాకరన్‌కు తెలియదు, వాళ్ళ నాయన రాధాకృష్ణన్ బావకు అసలే తెలియదు. నాకూ మీ తాతకూ తెలుసు. మీ తాత దొరసామి నాయుడు పోయి ఇరవైరెండేండ్లు. ఇంగ నేనొకదాన్నే. ఆ తాడు చూడు, ఆ తాడు. అంత సన్న తాడు పట్టుకొని ఇద్దరు దూకుతా ఉండారు. మన పొల్లాచ్చి కొబ్బరి తాడైతే నమ్మొచ్చు, ఇది పంచె ఆరేసుకొనేదానికి కూడా ఆగదు.

నువ్వు మీ తాతను చూడలేదు కదా. ఫోటోలో ఉండేది ఆయన కాదు. ఆ ఫోటో తీసేటోడు ఊపిరి బిగించు అన్నాడు, ఈయన బిగించినాడు, అది చూసి అందరూ ఏదో పెద్ద గంభీరమైన మనిషి అనుకుంటారు. మేట్టుపాళయంలో వక్కల మండీ. పొద్దున పోతే సాయంత్రం దాకా వక్క కొరికి చూసేది, ఉమిసేది. ఎనభైయ్యారులో సింగపూరు నుంచి వచ్చినోడొకడు డెక్కు అమ్ముతా ఉంటే కొనుక్కొని వచ్చినాడు. అప్పట్లో వీసీఆర్‌ను డెక్కు అనేది. దాన్ని ఎర్ర గుడ్డతో కప్పి, గుడ్డపైన ఒక ప్లాస్టిక్ పువ్వు పెట్టి, కొత్తకోడలి మాదిరి చూసుకొన్నాడు. నన్ను ఏనాడూ అట్ల చూసుకోలేదనుకో. ఆదివారం మూడు గంటలకు పడం. అన్నీ ఇంగ్లీసు పడాలే, అన్నీ ఇట్లాంటివే. మన ఇంట్లో ఎవరికీ ఇంగ్లీసు రాదు, ఆయనకీ రాదు. అయినా తెరపైన తెల్లోడు నోరు తెరిస్తే చాలు, ఇక్కడ చాపమీద కూచొని మీ తాత మన ఇంటి తెలుగులో మాట్లాడేవాడు. "ఒరే నాయనా, ఆ మూలకు పోవొద్దురా, ఆడ తేళ్ళుంటాయి" అని తెల్లోడు చెప్తాడు. "అత్తా, నేను పోయొస్తాను, అన్నం మూసి పెట్టు" అని హీరో పోతాడు. ఆ పసుపుపచ్చ జుట్టు పిల్ల ఎప్పుడూ హీరోకు మేనమామ కూతురే. ఏమిటికంటే కడాన పెండ్లి చేయల్ల కదా, వరస కుదరకపోతే ఎట్ల? ఇంగ విలను ఎవరైనా కానీ, ఎన్ని దేశాలోడైనా కానీ, వాని పేరు పొల్లాచ్చి బావ. బళ్ళో అరవం, మండీలో అరవం, బస్సులో అరవం విన్న పిల్లకాయలు, మీ నాయనా వాళ్ళు, ఆదివారం మట్టుకు ప్రపంచమంతా తెలుగు మాట్లాడుతుందని నమ్మినారు.

ఎందుకు పొల్లాచ్చి బావ అంటే, రాధాకృష్ణన్ బావ మీ తాతకు పెదనాయన కొడుకు, ఆయనకు అన్న, నాకు బావ. కొబ్బరి తోట, జీపు, మీసం. మీ తాతకు ఆ మూడూ లేవు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంటివాళ్ళు ఈయన్ను పిరికోడు అనేది. అది అబద్ధం కూడా కాదు. నీలగిరి బండి ఎక్కి నన్ను కూనూరు చూపిస్తానని తోడుకొని పోయి, రెండో సొరంగంలో నా చెయ్యి పట్టుకొని కండ్లు మూసుకొన్నాడు. నేను ఏదో ప్రేమ అనుకొంటిని. బయటికొచ్చినాక కూడా తెరవలేదు. అట్లాంటి మనిషి ఆదివారమైతే తొడ కొట్టేవాడు. "ఇంత పొడుగు వంతెన దాటేదానికి అంత ఏడుపా? నేనైతే తువ్వాలు భుజాన వేసుకొని పోదును" అనేవాడు. నేను బల్లిని తోలమంటే మట్టుకు మంచమెక్కేవాడు. అదీ మీ తాత.

ఇప్పుడు పెట్టె సంగతికి వస్తాను. నీకు తెలిసిందే, అయినా విను. మన ఆళ్ళు ఆంధ్రా నుంచి దిగి వచ్చేటప్పుడు, నాలుగొందల ఏండ్లంటారు, నేనేం చూసినానా, దారిలో ఒక ఆడపిల్ల జరం వచ్చి పోయింది. ఏడేండ్ల పిల్ల. మన్నులో పెట్టి పోయేదానికి తండ్రికి మనసు రాలేదు. ఆ పిల్ల పావడ, గాజులు, ఒక చెక్క బొమ్మ, ఇవి ఒక పెట్టెలో వేసి తలపైన పెట్టుకొని నడిచినాడు. ఇల్లు కట్టిందాకా కింద పెట్టలేదంట. ఆ పిల్లే మన ఇంటి సామి. అందుకే పెట్టె మూడేండ్లు పొల్లాచ్చి ఇంట్లో, మూడేండ్లు మన కారమడై ఇంట్లో. మాసి నెలలో, ఈడ రంగనాథసామి తేరుకు ముందర, ఇంటికొకడుగా ఇద్దరు మొగోళ్ళు ఒక పొద్దుండి, చెప్పులు లేకుండా, మార్చి మార్చి తలపైన మోసుకొని నడవల్ల. నేలమీద పెట్టకూడదు. ఆడది మోయకూడదు. ఆ కడాపటిది ఎవరు చెప్పినారని నేను కోడలుగా వచ్చిన కొత్తలో అడిగితిని. మా అత్త నన్ను చూసిన చూపుకు మల్లా అడగలేదు. ఈ మాసికి మన వంతు. మీ నాయన ప్రభాకరన్‌కు నడుము ఆపరేషను అయింది, చెంబు ఎత్తొద్దన్నాడు డాక్టరు. నేను మోస్తానని నువ్వన్నావు. దానికి సుధాకరన్ పొద్దున ఏమన్నాడో విన్నావు కదా, స్పీకర్లో పెట్టినావు కదా. "మీ ఇంట్లో ఆళు లేదు, మోసే మనిషి లేడు చిన్నమ్మా, పెట్టె ఇంగ ఎప్పటికీ ఈడనే ఉండనీండి, మార్బుల్ రూము కట్టినాను, లైట్లు పెట్టినాను" అన్నాడు. సాయంత్రం నాలుగు గంటలకు మల్లా చేస్తాడంట, నేను సరే అనల్లంట. అందుకే నాకు ఇడ్లీ దిగలేదు. ఆ పిల్ల ఇంగ మన గడప తొక్కదంట. లైట్లు పెట్టినాడంట. ఏడేండ్ల పిల్లకు లైట్లేమిటికి, ఆడుకొనేదానికి రెండిండ్లు కావల్ల గానీ.

ఆఁ, పడంలో వాడు పెట్టె తీసినాడు చూడు. చెప్తిని కదా, తీసేస్తాడని. పొగ వస్తుంది ఇప్పుడు. వచ్చిందా. ఎన్ని పడాల్లో చూసినా వీళ్ళకు బుద్ధి రాదు, మూసిన పెట్టెను మూసినట్టే ఉంచల్ల అని. సరే. ఎనభైయ్యెనిమిది అది, మీ నాయన ఎనిమిదో క్లాసు. పెట్టె పొల్లాచ్చి నుంచి రావల్ల. మోసేది రాధాకృష్ణన్ బావ, మీ తాత. ముందటి ఆదివారమే మీ తాత పడం చూస్తా నాతో అన్నాడు, "చూస్తా ఉండు, మీ బావ సగందూరానికే పడిపోతాడు, మిగతాది నేనే మోస్తాను" అని. ఆయన నోట్లో ఏ సామి ఉండిందో అదే జరిగింది. ఒక పొద్దు అని పేరే గానీ, రాధాకృష్ణన్ బావ ముందు రాత్రి ఎవరూ చూడకుండా తోటలో పనసపండు తిన్నాడు. ఒక తొన కాదు, పండు. తెల్లవారుజామున మూడుకే నడక మొదలుపెట్టి రెండు గంటలు కాలేదు, బావ చెట్లమాటుకు పోయినాడు. వచ్చినాడు. మల్లా పోయినాడు. నాలుగోసారికి వచ్చే సత్తువ లేదు. మీసం వాలిపోయింది. "దొరసామీ, నువ్వు పో, నేను జీపు పిలిపించుకొంటాను, ఎవరికీ చెప్పొద్దు, నేను ఇంకో దారిలో వచ్చి కారమడై ఎల్లలో నీతో కలుస్తాను" అన్నాడు. పిరికోడు పెట్టె తలపైన పెట్టుకొని ఒకడే నడిచినాడు.

కినత్తుకడవు దాకా నడిచినాడమ్మా, నిజంగా నడిచినాడు. మండీలో మెత్తలపైన కూచొనే మనిషి, మాసి ఎండ, తారు రోడ్డు, కాళ్ళకు చెప్పుల్లేవు. అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలినాయి. మార్చుకొనేదానికి మనిషి లేడు, దించేదానికి లేదు. అంతకంటే పెద్ద కష్టం ఇంకోటి మొదలైంది. నేనేదో చెప్తా వచ్చినాను కదా మొదట్నుంచీ, అదే. పెట్టె తలపైన ఉంటే ఒంటికి పోకూడదు. ఇద్దరుంటే ఒకడు పట్టుకొంటాడు, ఒకడు పోతాడు, అందుకే ఇద్దరు. ఒకడే అయితే ఏం చేయల్ల అని పెద్దలెవరూ చెప్పలేదు. ఆలోచించినాడు, కోయంబత్తూరు బస్సు ఒకటి వచ్చి నిలబడింది, తొందరగా చేరిపోతానని ఎక్కేసినాడు. బండెక్కకూడదు అనేది కూడా ఒకటుంది, అది ఆయనకు గుర్తు రాలేదంట. గుర్తొచ్చింది, కాళ్ళు వినలేదు, అని నాకు మల్లా చెప్పినాడు. కండక్టరు పెట్టెకు లగేజీ టికెట్టు తీయమన్నాడు. ఇది లగేజీ కాదయ్యా, సామి, అన్నాడు ఈయన. సామికైతే అర టికెట్టా ముప్పావు టికెట్టా అని కండక్టరు అడిగితే బస్సంతా నవ్వింది. మీ తాత సీట్లో కూచొని పెట్టె తొడమీద కాకుండా తలమీదే పట్టుకొని ఉండాడు. బస్సు ఎగిరినప్పుడల్లా పెట్టె టాపుకు తగిలి టంగు టంగుమంటుంది. పక్క సీట్లో పూలమ్మే ఆమె ఒకతి, మల్లెపూల గంప కాళ్ళ దగ్గర పెట్టుకొని. ఆమె పేరు వళ్ళి. అప్పుడు పేరు తెలియదు.

మలుమిచ్చంపట్టిలో బస్సు నిలబడింది. ముందర ఏదో లారీ అడ్డం, పది నిమిషాలు పడుతుంది అన్నారు. మీ తాత కండ్లలో నీళ్ళు తిరుగుతా ఉండాయి, భక్తితో కాదు. ఆ పూలామె వైపు తిరిగి, "అమ్మా, రెండే నిమిషాలు దీన్ని పట్టుకో, కింద మట్టుకు పెట్టొద్దు" అని అరవంలో చెప్పి, ఆమె సరే అనేలోపల ఆమె తలపైన పెట్టేసి దిగి పరిగెత్తినాడు. గోడ వెనక నిలబడినాడు. పొద్దుటి నుంచి ఆపుకొన్న మనిషి, రెండు నిమిషాల్లో అయ్యే పనా అది. లారీ తీసేసినారు. బస్సు హారను కొట్టింది. ఈయనకు వినబడింది, కదిలేదానికి లేదు. పంచె పట్టుకొని రోడ్డుకు వచ్చేటప్పటికి బస్సు వెనక రాసిన తిరుక్కురళ్ మట్టుకు చిన్నదై కనబడతా ఉండింది. నాలుగొందల ఏండ్లుగా ఎవరూ కింద పెట్టని పిల్లను మీ తాత ముక్కూ మొగమూ తెలియని మనిషి తలపైన పెట్టి పంపించేసినాడు.

ఇప్పుడు చూడు, ఈ పడంలో అయితే వాడు గుర్రమెక్కుతాడు, లేదా ఒక మోటారుబైకు తాళంచెవితో సహా వానికోసరం నిలబడి ఉంటుంది. మీ తాతకు ఏ బస్సూ నిలబడలేదు, రెండు గంటలు దాటినాక ఒక కొబ్బరిపీచు లారీ దొరికింది. పీచు మూటల పైన పడుకొని, ఒళ్ళంతా దురద, గీరుకొంటా ఏడ్చుకొంటా కోయంబత్తూరు చేరినాడు. లారీ మనిషి మారిముత్తు అంట, ఎవరు పోయినారు అని అడిగినాడంట పావం, అంత ఏడుపు చూసి. ఉక్కడం బస్టాండులో దిగి ఈ బస్సు కాదు, ఆ బస్సు కాదు. అన్ని బస్సులూ ఒకే రంగు. ఆ బస్సు వచ్చి, మల్లా పొల్లాచ్చికి తిరిగి పోయి కూడా ఎంతో సేపైంది. ఆడనే చచ్చిపోదామనుకొన్నాడంట. ఆ మాట చెప్పేటప్పుడు మీ తాత నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఇంటికి ఏ మొగం పెట్టుకొని వస్తాడు? మన ఇంటికి సామి రాకుండా చేసినోడని మూడు తరాలు చెప్పుకొంటారు. అప్పుడు బస్టాండు కడాన, చెరుకురసం బండి నీడలో ఒక ఆడమనిషి నిలబడి ఉండింది. తలపైన పెట్టె, రెండు చేతులూ పైన. కాళ్ళ దగ్గర గంపలో మల్లెపూలు గోధుమరంగు అయిపోయినాయి.

నాలుగు గంటల సేపు. పదకొండుకు బస్సు దిగిందంట, మూడు దాటింది ఈయన పోయేటప్పటికి. కింద పెట్టొద్దన్నాడు, పెట్టలేదు. పెట్టెలో ఏముందో తెలియదు, గాజు సామానో, ఎవరి అస్థికలో. తాళమా లేదు, ఒక తాడే కట్టింది, తీసి చూడలేదు. పూలు అమ్మలేదు. అన్నం తినలేదు. టీవీలో వీడు చూడు, ఈ గడ్డపోడు, తనకు చెప్పిన మాటే తను వినడు. మీ తాతను చూసిన వెంటనే ఆమె అన్న మొదటి మాట ఇది, "యోవ్, ఒణ్ణుక్కు పోనవన్ ఇప్పదాన్ వరియా?" ఒంటికి పోయినోడివి ఇప్పుడా వచ్చేది అని. బస్టాండంతా వినబడేటట్టు. ఆమీద ఇంకా తిట్టింది, అవి నీకు చెప్పను, నువ్వు బేంకులో పని చేసే పిల్లవి. మీ తాత కాళ్ళమీద పడబోయినాడంట, తలపైన పెట్టె ఉండాది మొదట దాన్ని తీసుకోరా మూర్ఖుడా అనిందంట. అంత తిట్టి, అంతా అయినాక అడిగింది, ఏముండాది దీంట్లో అని. మా ఇంటి ఆడపిల్ల, అన్నాడు. "పొంబళ పిళ్ళయా? అదాన్ కనమే తెరియలె" అనింది. ఆడపిల్లా, అదీ సంగతి, అందుకే బరువే తెలియలేదు, అని. నాలుగు గంటలు మోసినాక.

ఉండు, నాకు కంట్లో ఇడ్లీపొడి పడింది. నీళ్ళు తే.

ఆ దినమూ మరుసటి దినమూ మీ తాత నడిచే వచ్చినాడు, బస్సెక్కలేదు, ఒంటికి ఎట్ల పోయినాడో నేను అడగలేదు. ఎల్లలో రాధాకృష్ణన్ బావ తెల్ల పంచె కట్టుకొని, మీసం దువ్వుకొని నిలబడి, కడాపటి ఫర్లాంగు తాను మోసి అందరి దగ్గరా దండలు వేయించుకొన్నాడు. అది సరే. ఇంట్లో సామి గూట్లో పెట్టె దించేటప్పుడు కింద సుమ్మాడు ఒకటి ఉండింది, తలపైన బరువుకు పెట్టుకొనే గుడ్డచుట్ట. ఆమె గంప మోసే చుట్ట. పెట్టెతో పాటే ఆమె తలమీదినుంచి ఈయన తలకెక్కి వచ్చేసింది. ఈయన చూసుకోలేదు. ఒక పెద్దాయన ఇదేమిటిది, ఇంత పాతది అని అడిగినాడు. మీ తాత భయంతో "ఉండింది" అన్నాడు. అంతే, ఉండింది అంటే మొదట్నుంచీ ఉండింది అనుకొన్నారు. తండ్రి ఆ పిల్లను మోసినప్పటి చుట్ట అన్నారు. పసుపు పూసినారు, కుంకం పెట్టినారు, అందరూ కండ్లకు అద్దుకొన్నారు. ఉక్కడం పూలామె పాత చీర ముక్క అది అమ్మిణీ. మడతలోపల అంచున మిల్లు ముద్ర కూడా ఉండాది, నేను చూసినాను. ఇప్పుడు సుధాకరన్ దానికి అద్దాల పెట్టె చేయిస్తా ఉండాడంట, నాలుగొందల ఏండ్ల నాటిది అని బోర్డు రాయిస్తా ఉండాడంట. రాయించుకోనీ.

నాకెట్ల తెలిసింది అంటే, అది ఇంకో కూత్తు, ఇంకో నాటకం. మరుసటి ఏడు వక్కల సాంపిలు సంచిలో ఒక కొత్త చీర దొరికింది నాకు. అరక్కు రంగు, అదే లక్క ఎరుపు, జరీ అంచు. నాకు తెచ్చినాడు అనుకొని ఊరికే ఉండాను. నాలుగు దినాలైనా ఇవ్వలేదు. చీర పోయింది, సంచి ఉండాది. ఆ ఆదివారం పడం నడుస్తా ఉంటే డెక్కు ప్లగ్గు పీకి ముందర కూచొన్నాను. ఎవతె అది, అన్నాను. అప్పుడు చెప్పినాడు, ఇప్పుడు నేను నీకు చెప్పినంతా. నేను నమ్ముతానా? తోడుకొని పో అంటిని. ఉక్కడం పోతిమి. ఆమె నన్ను చూసి, ఈయన్ను చూసి, "ఈసారి ఒంటికి పోయేవచ్చినారా" అని అడిగింది. నమ్మినాను. ఆమీద ఏటేటా మాసి నెలలో ఇద్దరమూ పోయేది, చీర, గాజులు, పసుపు కుంకం, ఇంటి ఆడబిడ్డకు పెట్టినట్టు పెట్టేది. తొమ్మిదేండ్లు. పదో ఏడు ఆమె లేదు. మధురలో కూతురింటికి పోయిందన్నారు, వీధి పేరు ఎవరికీ తెలియదు. మీ తాత మధుర మీనాక్షి గుడి నాలుగు వీధులూ పూలంగళ్ళు అడుగుతా తిరిగినాడు. కనబడలేదు. ఇంటికొచ్చి పడం పెట్టి, సత్తం లేకుండా చూసినాడు, ఎవరి నోట్లోనూ తెలుగు పెట్టలేదు. కడాన ఆ హీరో నిధి పైకెత్తి నిలబడితే, "అది పట్టుకొని నిలబడింది ఎవరో వాణ్ణి అడుగు మీనాక్షీ" అని మట్టుకు అన్నాడు. అంతకు ముందు నాకు మీ తాతమీద ఎంత కోపమున్నా, ఆ దినం పోయింది.

ఇదంతా ఇన్నాళ్ళు ఏమిటికి చెప్పలేదంటావా. చెప్తే ఆయన్ను నవ్వుతారు అని. అపచారం అని ఏదో శాంతి చేయిస్తారు, ఆ పిల్లను కడుగుతారు అని. కడిగేదేమిటికి, ఏం మురికి అంటిందని? ఆమె మోసినాక మన ఇంట్లో ఏం చెడిందో చెప్పు. ఏమీ చెడలేదు. బావకు కూడా పనసపండు మల్లా పడింది. మొగోళ్ళే మోయల్ల అని పట్టుకొన్నవాళ్ళు మోసింది సగం, ఇంకో సగం చెట్లమాటున కూచొన్నారు. నాకు ఇప్పుడే తోస్తా ఉండాది, నేను కూడా వాళ్ళ మాదిరే ఇన్నాళ్ళు మూసి పెట్టినాను కదా అని. పొద్దున సుధాకరన్ "మీ ఇంట్లో ఆళు లేదు" అన్నప్పుడు నా నోటికి రావల్సిన మాట మింగేసినాను, ఇడ్లీ మట్టుకు మింగలేదు.

సరే లే. ఆ బీరువాలో నా పాత నూలు చీర ఉండాది, నీలం అంచుది, తే. చూడు, ఇట్ల పొడుగ్గా మడిచి, ఇట్ల మెలి పెట్టి, ఇట్ల చుట్టల్ల. వంచు తల. కొంజం వెనక్కి. ఆ బియ్యం డబ్బా తే, నిండుగా ఉండాదా, ఉండనీ. మెడ నిటారుగా పెట్టు, కండ్లు ముందర చూడల్ల, కాళ్ళను కాదు. నవ్వితే పడుతుంది. వంటింటి నుంచి వాకిలి దాకా నడువు, మల్లా రా. ఒంటికి పోయొచ్చినావా? ముందే అడగల్ల, నాదే తప్పు. ఆఁ, అట్ల. చేయి ఒకటి తీయి. పరవాలేదు, వస్తుంది. చెప్పులు మట్టుకు ఈ పొద్దు నుంచే మానెయ్, అరికాలు గట్టిపడల్ల, పదహారు దినాలే ఉండాది.

అదిగో, ఫోను. నాలుగైందా? వాడే. నువ్వు కదలొద్దు, నేను తీస్తాను. ఆ పడం నిలిపే మీట ఏది, సరే, నడవనీ, వాడు ఎట్లా ఒంటికి పోడు. హలో. ఆఁ, సుధాకరా. తిన్నాను, ఇప్పుడే తిన్నాను. ఆళు ఉండాది నాయనా, మా ఇంట్లో ఆళు ఉండాది. చెప్తాను. నువ్వు కూచొని ఉండావా, నిలబడి ఉండావా? కూచో. కొంజం పెద్ద కథ. ఒక్క నిమిషం ఉండు. దర్శినీ, నువ్వు ఆడనే నిలబడు అమ్మిణీ, నేను మాట్లాడి ముగించేదాకా. కింద పెట్టొద్దు.